లోయదారిలో అర కిలోమీటరు

గౌరవనీయులైన అటవీ రేంజి అధికారి గారి సముఖమునకు, బజారు మలుపులో కుట్టుమిషను పెట్టుకుని బతుకుతున్న దర్జీ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: లోయదారి బోర్డులన్నిటి మీదా ఒకే దూరం వ్రాసి ఉండుట, తన్మూలముగా నా కాపురమునకు కలిగిన ఇబ్బంది గురించి.

1. నా భార్యకు మోకాళ్ల నొప్పులు. అర కిలోమీటరు దాటి అడుగు వేయనని షరతు పెట్టి మరీ బయలుదేరినది. లోయ మొదట్లో తమ బోర్డు "పెద్ద జలపాతం అర కిలోమీటరు" అన్నది. చిన్న జలపాతం దాటాక ఇంకో బోర్డు, అదే అర కిలోమీటరు. చెక్క వంతెన దగ్గరా అంతే. "ఇంకెంత, వచ్చేశాంగా" అంటూ ఆవిడ ఎక్కేసినది. నాకు మాత్రం ప్రాణం కళ్లలోకి వచ్చినది.

2. ఇదేమని తమ గార్డును అడుగగా, "నిజం రాస్తే ఎవరెక్కుతారు సార్? మొదటి బోర్డు దగ్గరే ఫొటో దిగి వెళ్లిపోతారు" అని నవ్వినాడు. అయ్యా, అంగుళం తేడా వస్తే చొక్కా మొత్తం విప్పి మళ్లీ కుట్టేవాణ్ణి నేను. కొండంత దూరాన్ని తమరు గోరంత చేయుట న్యాయమా?

3. అసలు బాధ ఇది. పెద్ద జలపాతం కింద మడుగు కనబడగానే ఆవిడ చెప్పులు నా చేతిలో పెట్టి దబ్బున దూకినది. చేపపిల్లలా ఈదినది! ఇన్నేళ్ల కాపురంలో ఆవిడకు ఈత వచ్చునని నేనెరుగను. "చెప్పలేదేమే?" అంటే, "మీరెప్పుడైనా అడిగారా?" అన్నది. నీళ్లలో ఉన్నంతసేపు మోకాళ్ల ఊసే లేదు. ఇప్పుడు ఆదివారం వస్తే చాలు, సంచీ సర్దుకుని గుమ్మంలో నిలబడుచున్నది. నేను ఒడ్డున చెప్పులకు కాపలా.

4. మొన్న ఎవరి పిల్లో నన్ను చూసి "తాతయ్యా, నీళ్లంటే భయమా?" అన్నది. భయమే. ఈ ముక్క ఆవిడకు చెప్పలేదు, తమకే చెప్పుకొనుచున్నాను. ఆవిడ అవతలి ఒడ్డుకు చేరి నవ్వుతుంటే ముచ్చటేస్తుంది, ఆ నవ్వు దగ్గర నేను లేనే అని ఏడుపూ వస్తుంది.

కావున బోర్డులపై అసలు దూరం వ్రాయించి, ఆవిడ మొదటి బోర్డు దగ్గరే వెనుదిరుగునట్లు కటాక్షించ ప్రార్థన. నా ఆదివారాలు తమ చేతిలో ఉన్నవి, చిత్తగించవలెను.

తమ విధేయుడు,
బజారు మలుపు దర్జీ

తా.క.: సార్, అర్జీ ఆవిడ చదివేసింది. కొంప మునిగింది. "నిజం రాసుంటే నేను జన్మలో ఆ కొండెక్కేదాన్నా? ఆ బోర్డుల జోలికెళ్లారంటే ఊరుకోను. ఈ ఆదివారం మీరూ దిగుతున్నారు. నడుం లోతేగా, నేనున్నాను" అంది. ఈత రావడానికి ఎంతసేపు పడుతుందే అంటే, "అర గంట" అని నవ్వింది. అచ్చం మీ గార్డు నవ్విన నవ్వే. బోర్డులు అలాగే ఉంచేయండి. శనివారంలోగా ఆ మడుగు లోతు మాత్రం కొలిపించండి. టేపు నాదే పంపిస్తున్నాను. తడిసినా పర్వాలేదు.