ఆఖరి పేజీలో ఒక గడి

అన్నయ్యా,

ఆరేళ్లుగా మనకి మాటల్లేవు. అయినా చింపెయ్యకుండా చదువు.

ఈ క్యాన్సర్ పరిశోధన గ్రాంటుకి రెండు ల్యాబులు కలిసి దరఖాస్తు పెట్టాలి. శుక్రవారం గడువు. కాళ్లావేళ్లా పడ్డా ఒక్క ల్యాబూ ఒప్పుకోలేదు. గ్రాంటు రాకపోతే ఫ్రీజర్ ఆపేస్తారు. మనిద్దరం తొమ్మిదేళ్లు పోగుచేసిన కణితి ముక్కలన్నీ పారేస్తారు.

వ్యాసం మీద ఎవరి పేరు ముందుండాలని కొట్టుకున్నాం కదా. ఈసారి దరఖాస్తులో నీదే ముందు రాశాను. నాతో మాట్లాడకపోయినా పర్లేదు, నీ ల్యాబు తరఫున సంతకం పెట్టు.

పెట్టేముందు ఆఖరి పేజీ చూడు. ఒకరు మధ్యలో తప్పుకుంటే వాళ్ల పని ఎవరు చూస్తారని అడిగిన గడి ఉంది. ఎప్పుడూ అందులో గీత కొట్టేసేవాళ్లం. ఈసారి నా పనికి నీ పేరు రాశాను.

కిందటి నెల ఫ్రీజర్లో పెట్టిన కణితి ముక్క మీద నంబరే ఉంటుంది, పేరుండదు. అది నాది.

నీ చెల్లెలు