తాబేటి దుంపకు నీళ్ళు

హైమావతీ,

గురజాల నుంచి నీ తోడికోడల్ని. నేను బాగానే ఉన్నాను. నువ్వెలా ఉన్నావని అడగడం లేదు.

దక్షిణాఫ్రికా విత్తనం తెప్పించి పదకొండేళ్ళు పెంచాను ఆ దుంప మొక్కని. దుంప తాబేటి డిప్పలా పగుళ్ళు తేలేదాకా కాచుకున్నాను. నేను ఆసుపత్రిలో ఉంటే నువ్వు దాన్ని మాచర్లకి ఎత్తుకుపోయావు. పూల ప్రదర్శనలో మొదటి బహుమతి అందుకుని, "విత్తనం కాడ్నుంచి నేనే సాకినా" అని మైకులో చెప్పావు. ఆసుపత్రి నుంచి వచ్చిన నేను వెనక వరసలో కూర్చుని విన్నాను.

నిన్న ఫోన్ చేసి, "అక్కా, తీగంతా ఎండిపోయింది. రెండు పూటలా చెంబుడు నీళ్ళు పోస్తన్నా. ఇంకేం జెయ్యాల?" అని ఏడ్చావు. "వివరంగా ఉత్తరం రాస్తాలే, అందాకా పోస్తా ఉండు" అన్నాను.

ఇదే వివరం. ఏటా శివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ళ దాటాక ఆ తీగ ఎండుతుంది. ఎండిందంటే దుంప నిద్రపోతోందన్న మాట. మళ్ళీ చలి మొదలయ్యేదాకా చుక్క నీరు తగలకూడదు. తగిలితే లోపల్నుంచి కుళ్ళిపోతుంది. సాకినదానివి, నీకు తెలియదా?

నా చేతుల మీద పెరిగిన మొక్క, నాకూ మనసొప్పలేదు. అయినా పై మాటలు రాసి పద్నాలుగు రోజులైంది. ఉత్తరం ఇవాళే పోస్టులో వేస్తున్నాను.