శనివారం తినిపించిన గుడ్డు రొట్టె

అమ్మా దేవీ,

నీ ఫ్రెంచి టోస్టుకి గుడ్లు, పాలు, పంచదార గిలకొట్టి ఫ్రిజ్‌లో ఉంచినాను. బ్రెడ్డు ముక్కలు అందులో ముంచి నేతిలో కాల్సుకో. గెడ్డపెరుగు, బొప్పాయి ముక్కలు పక్కనే ఉన్నాయి. తినేముందు పైన ఏసుకో.

నిన్న నువ్వు ఈ టోస్టే సేసిపెట్టి పెరట్లో ఉండగా, శనివారం మీ అత్త గుడ్డు ముట్టదని తెలిసి కూడా, "కోడలు పంపింది వదినా, ఒట్టి పాలరొట్టె" అని తినిపించింది నేనే. తినేసాక, "కోడలు సెప్పనేదేటి, ఇందులో గుడ్డుంది!" అని నవ్వినాను. ఆవిడ నీమీద పడిపోనాది, "నా ఎంకన్న శనివారం పాడు సేసినావే!" అని. నువ్వు నా మొకం సూసినావు గాని నా పేరు సెప్పనేదు. నేనూ నోరిప్పనేదు. కొత్తకోడలివి, ఏడ్సుకుంటా పస్తు పడుకున్నావు. నీ ఎదర నిలబడ్డానికి సిగ్గేసి ఇది రాస్తన్నానమ్మా.

ఇప్పుడే వదినకి నిజం సెప్పేసి, సీవాట్లు తిని నరసన్నపేట ఎల్తన్నాను.

మీ సిన్నమావ, ఎల్లాజీ

ఈసారి గిన్నెలో పైన సెప్పినయ్యి తప్ప ఇంకేటీ కలపనేదు, ఒట్టు. నన్ను తిట్టడం అయిపోనాక వదిన గొంతు తగ్గించి, "ఈయేళ ఆదోరమే గదా, నాకూ రెండు కాల్సమను" అంది.