రెండూ లేని చేప

చేపల అమ్మాయికి,

పొద్దున్నుంచీ ముసురు. దుంగలు నాని రంపానికి లొంగడం లేదు. అయినా మిల్లు నడుస్తూనే ఉంది. నాకే కళ్ళు మూతలు పడుతున్నాయి. మీ పెద్దమ్మ వచ్చిన దగ్గర్నుంచీ ఇంట్లో కునుకు లేదు. ఆవిడ దుప్పటి కప్పుకున్నాకే కబుర్లు మొదలెడుతుంది. మీ పిన్ని పక్కన కూర్చుని "ఇక పడుకోవే అక్కా" అంటూ సముదాయిస్తుంది. నిన్న రంపం ముందే తూగాను. ఇంకోసారి తూగితే పని మానిపిస్తానన్నాడు యజమాని. నిద్ర మీద పరిశోధన చేస్తున్నావుగా, మాత్రేదైనా పంపు.

ఆవులిస్తూ,
బాబాయి

తా.క. సముదాయించే గొంతు కూడా తక్కువేం కాదు.

బాబాయికి,

మాత్రలు లేవు కానీ మా లాబులో చేపల సంగతి విను. మెదడులో పెప్టైడ్లనే బుల్లి ప్రోటీన్ ముక్కలుంటాయి. వాటిలో రెండు అక్కచెల్లెళ్ళ లాంటివి. ఒకటి మేలుకొలుపుతుంది, రెండోది జోకొడుతుంది. ఆ రెండోదే నిద్ర తెస్తుందనుకున్నాం. కాదు బాబాయ్, అది చేసేదల్లా అక్క నోరు మూయించడమే. రేపు మేలుకొలిపేదాన్ని తీసేసి చూస్తాం. నాకు కాలు నిలవడం లేదు.

చేపల అమ్మాయి

తా.క. రంపం దగ్గర జాగ్రత్త.

చేపల అమ్మాయికి,

ఎంత నాజూగ్గా చెప్పావు. చేపల పేరు పెట్టి మన ఇంటి సంగతే రాశావని చదవగానే తెలిసింది. మేలుకొలిపేదాన్ని తీసేశాను. మీ పెద్దమ్మ రేపు నీ గుమ్మంలో దిగుతుంది.

నీ మేలు మరవని
బాబాయి

తా.క. చేపలు తోడు లేక దిగులు పడుతున్నాయని చెప్పాను. నమ్మింది.

బాబాయికి,

నేను రాసింది చేపల గురించే. పెద్దమ్మ లాబుకొచ్చి, అద్దం తట్టి మరీ తొట్టి తొట్టికీ కబుర్లు చెబుతోంది. నిద్రపోవాల్సిన చేపలు ఆవిడ వెంటే ఈదుతున్నాయి. చేపల్లో అయితే అక్క లేకపోతే జోకొట్టేదానికి ఇక పనే ఉండదు. పిన్ని ఎలా ఉంది?

తల పట్టుకుని,
చేపల అమ్మాయి

తా.క. మా ప్రొఫెసరుగారికి ఆవిడ పెళ్ళి కథ సగం అయింది.

చేపల అమ్మాయికి,

వాన తెరిపిచ్చింది. పిన్నికి పని లేకపోవడమేమిటి, నేనున్నానుగా. అటు దొర్లితే ష్, ఇటు దొర్లితే ష్. కునుకు పట్టాక లేపి, "గురక పెట్టకుండా పడుకోండి" అంటుంది. మొన్న మళ్ళీ తూగాను. నిద్ర తీరాకే రమ్మని యజమాని ఇంటికి పంపేశాడు. అక్కని చూసి రారాదా అని పిన్నిని అడిగాను. అప్పటికే సంచి సర్దుకుని ఉంది. రాత్రి కబుర్లూ లేవు, ష్ అనే మనిషీ లేదు. మీ చేపలాగే రెప్ప వెయ్యలేదు.

బాబాయి

తా.క. రెండూ తీసేసిన చేప ఏమవుతుందో నువ్వు రాయలేదు. ఈ ఉత్తరం పోస్టులో వెయ్యడం లేదు, నేనే తెస్తున్నాను. పిన్ని నిన్న పొద్దుటి బస్సుకి వెళ్ళింది. నేను ఇవాళ మధ్యాహ్నం బస్సుకి బయల్దేరుతున్నాను.