మ్యాట్నీలో అడ్డుగోడ

నరసరావుపేట, 1986
ఆదివారం రాత్రి

బెయిలు మీద వచ్చిన అన్నయ్య రేపు గురజాల కోర్టులో హాజరు కావాలి. కాస్త తేలికపడతాడని అమ్మ మా ఇద్దరినీ మ్యాట్నీకి పంపింది. జైలు నుంచి తప్పించుకునే ఇంగ్లీషు సినిమాకు రెండో భాగం. మొదటిదంటే అన్నయ్యకు ప్రాణం.

హాల్లో ఆడవాళ్ళకూ మగవాళ్ళకూ మధ్య అడ్డుగోడ. అన్నయ్య కనిపించడు. తెర మీద మళ్ళీ అదే గోడ దూకడం, అవే కాల్పులు. అవతల కుర్చీ చప్పుడైనప్పుడల్లా అన్నయ్య లేచి పారిపోతున్నాడేమోనని తలుపు వైపు చూశాను.

ఆట వదిలాక గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు.

"ఏందే, ఆ మొహం?"

"సినిమా బాగాలేదు అన్నయ్యా."

"చానా చెత్త. బయటపడ్డాక యాడికి పోవాలో ఆ హీరోకే తెలవదు."

నేను నవ్వాను. తను నవ్వలేదు.

"పొద్దున మాచర్ల బస్సు ఎన్నింటికే?"

ఆ బస్సు గురజాల మీదుగానే పోతుంది. అక్కడ దిగుతావా అని అడగలేకపోయాను.