పచ్చగానే ఉంది కదా

బావగారికి,

ఎదురుపడితే నాకు నోరు పెగలదు కనుక రాస్తున్నాను.

మీ కారు తిరగడానికి అడ్డమని, మా ఇంటి గేటు పక్కనున్న నా రెండు పొట్టి సైప్రస్ చెట్లలో ఒకదాన్ని పోయిన నెల పెకలించి గోడవారన పాతారు. వేళ్లకున్న మట్టంతా దులిపేశారు. నేను అడగబోతే, "పచ్చగానే ఉంది కదా మరదలా, ఆ ఏడుపు మొహమెందుకు?" అన్నారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. అలా నవ్వినందుకు నా మీద నాకే ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఆ జాతి చెట్టు వేరు చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే కనిపిస్తుంది. నిన్న గోరుతో బెరడు గీరి చూశాను. లోపలంతా ఎండిపోయింది. వేలెడంత కొమ్మ నాటి ఆరేళ్లు పెంచితే నా నడుము దాకా వచ్చిన చెట్టు అది.

ఆదివారం వచ్చి రెండోదాన్నీ తీసేస్తానని అక్కతో అన్నారట. "దానికి చెప్పకు. పుస్తకంలోంచి తల ఎత్తేసరికి పనైపోతుంది" అని కూడా అన్నారట. అక్క చెప్పేసింది.

తల ఎత్తాను బావగారూ. గేటు తాళంచెవి నా దగ్గరే ఉంది. భోజనానికి తప్పకుండా రండి. కారు మాత్రం వీధిలోనే ఉంటుంది.

మీ మరదలు