కాళ్ళు జివ్వుమనని ఏరు

ఒరేయ్ మూర్తీ,

ఇవాళ నీ తద్దినం. అక్కడ కాకినాడలో మీ అన్నయ్య పెడుతున్నాడు. నేను క్రైస్ట్‌చర్చ్ నుంచి నీ గాలం కారులో వేసుకుని, ఏటా సాల్మన్ చేపల కోసం మనం వచ్చే ఏటికి వచ్చాను.

గట్టున ఒక్క చెట్టు లేదు. నీళ్ళకి నీడ పట్టిన పైన్ తోటంతా నరికి లారీలకెత్తేశారు. చేపలు ఎదురెక్కే నెలలో ఏటిలో ఒక్క చేప కనబడలేదు. నీళ్ళు వేడెక్కితే అవి సముద్రం దగ్గరే ఆగిపోతాయని నువ్వే చెప్పేవాడివి.

లారీల దగ్గరున్న సూపర్‌వైజర్‌ని నిలదీశాను.

"మళ్ళీ నాటుతాం మేట్. పాతికేళ్ళలో పెరిగిపోతాయి" అన్నాడు.

"అప్పటిదాకా చేపలు సముద్రంలో క్యూ కట్టాలా?" అన్నాను. నవ్వి, ఫ్లాస్కులోంచి టీ వంపుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది.

ముందు మోకాళ్ళలోతు దిగాలి, కాళ్ళు జివ్వుమంటేనే గాలం వెయ్యాలి, అదీ నీ రూలు. గోరువెచ్చటి నీళ్ళలో చేప అసలే ఊపిరందక ఈదుతుంది, దాన్ని ఇంకా ఏడిపించకూడదనేవాడివి. ఆ చలికి నిన్ను తిట్టని ఏడాది లేదు.

ఇవాళ కూడా ప్యాంటు మడిచి దిగాను. జివ్వుమంటే నిన్ను మళ్ళీ తిట్టుకుందామని చాలాసేపు నిలబడ్డాను. స్నానానికి తోడిన నీళ్ళలా ఉన్నాయిరా.

నీ గాలం సంచి ముడి కూడా విప్పలేదు.